మాటల బీరువా

దేవుడికి పెట్టుకున్న మొర కూడా బల్ల బల్లకీ తిరుగుతుందా? పెద్ద గుమాస్తాకి ఈ అనుమానం చాలా ఏళ్ళుగా ఉంది.

భక్తి లేక వచ్చిన అనుమానం కాదిది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి అలమర ముందు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడనిదే ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. కానీ జీవితమంతా ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళ మధ్య గడిపిన మనిషికి పైలోకం కూడా పెద్ద ఆఫీసులాగే కనిపిస్తే తప్పేముంది? 'స్వామీ, అర్జీ అయితే పెట్టుకున్నాను. అదిప్పుడు ఎవరి బల్ల మీదుందో, దాని మీద ఎవరు టీ గ్లాసు పెట్టుకున్నారో నీకే తెలియాలి' అనుకుంటూ కళ్ళు తెరిచేవాడు.

తెరవగానే మొదట కనబడేది టార్చిలైటు. అలమర పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది.

"ఇంతకీ మీరు దణ్ణం పెట్టేది దేవుడికా, టార్చికా?" అని వంటింట్లోంచి భార్య దెప్పిపొడిచేది.

"దేవుడికే. టార్చి మాత్రం మీ అక్కది."

అక్కంటే సొంత అక్క కాదు, తోడికోడలు. పెద్ద గుమాస్తాకి వదిన, అన్నగారి భార్య. ఊరి చివర వాగు దాటితే నాలుగు మంచాల పురుళ్ళ ఆసుపత్రి ఒకటుంది. దానికి నర్సూ, పెద్ద దిక్కూ, అవసరమైతే ఊడ్చే మనిషీ అన్నీ ఆవిడే. ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగంమంది ఆవిడ చేతుల్లోనే మొదటి ఏడుపు ఏడ్చారు. ఆసుపత్రికి అన్నీ ఉన్నాయి, కరెంటు ఒక్కటే లేదు. వాగుకి ఇవతలే ఆగిపోయింది. చీకటిపడ్డాక పురుళ్ళన్నీ లాంతరు వెలుగులోనే పోసేది.

లైను వేయించమని అర్జీ రాసి మరిది చేతికిచ్చిన సాయంత్రం గట్టిగా వాన పట్టింది. దారి కనబడదని వదిన తన టార్చి తీసి ఇచ్చింది. "అర్జీ, టార్చి, రెండూ నీ చేతిలో పెడుతున్నా మరిదీ. మాకు లైటు వెలిగిన రోజున తెచ్చివ్వు. అందాకా నాకు లాంతరుంది" అని నవ్వింది.

మర్నాడే తిరిగివ్వబోతే పుచ్చుకోలేదు. "అప్పు అలాగే ఉండనీ. అప్పుంటే మనిషి గుర్తుంటాడు" అంది. అలా ఆ టార్చి మేకుకి ఎక్కింది. అది మూడేళ్ళ కిందటి మాట. పెద్ద గుమాస్తా దానిలో బాటరీలు మారుస్తూ వచ్చాడు గానీ తిరిగిచ్చే రోజు మాత్రం రాలేదు. వదిన అడిగినప్పుడల్లా "ఫైలు పైన ఉంది వదినా" అనేవాడు. "పైనంటే ఎక్కడయ్యా?" అంటే, "పైనే" అనేవాడు.

నిజానికి ఫైలు పైన లేదు. ఆయన కుర్చీ వెనకాలే ఉన్న మాటల బీరువాలో ఉంది.

ఆ బీరువా కథ కొంచెం చెప్పుకోవాలి. రోడ్లు, దీపాలు, గవర్నమెంటు కట్టడాలు చూసే ఆఫీసు అది. సెక్షను హాల్లో రెండు వరసల బల్లలు, హాలు చివర అధికారి గది, గది ముందు చెక్క బెంచీ. గతంలో పనిచేసిన అధికారి ఒకాయనకి ఏ ఫైలు మీదయినా సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే, కాదనడానికి మనసొప్పక, పక్కన 'మాట్లాడండి' అని రాసి కిందికి పంపేవాడు. పాపం గుమాస్తాలు మాట్లాడటానికి వెళ్ళేవాళ్ళు. పొద్దుట్నించీ సాయంత్రందాకా ఆ బెంచీ మీద కూచోబెట్టి, తీరా లోపలికి పిలిచి, "ఇంతోటి దానికి నా దగ్గరకి రావాలా? బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" అని కడిగిపారేసేవాడు. ఒకసారి వాత పడ్డాక పిల్లి కూడా పొయ్యి దగ్గరకి పోదు. వెళ్ళడం మానేశారు. 'మాట్లాడండి' అని రాసివచ్చిన ఫైలుని చడీచప్పుడు లేకుండా తీసుకెళ్ళి ఆకుపచ్చ బీరువాలో పెట్టేవాళ్ళు. దానికే మాటల బీరువా అని పేరు పడింది. ఆ ఆఫీసులో "ఫలానా ఫైలు మాట్లాడిందిరా" అన్నారంటే ఇక దాని మీద ఆశ వదులుకోమని అర్థం.

ఆయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి ఎక్కడో దూరం నుంచి ఒకావిడ వచ్చింది. ఏళ్ళు గడిచినా అందరికీ ఆవిడ ఇంకా 'కొత్త మేడమే'. ఆవిడ కూడా వచ్చిన వారంలోనే ఫైళ్ళ మీద 'మాట్లాడండి' అని రాయడం మొదలెట్టింది. "ఆయన పోయి ఈవిడొచ్చింది. చెయ్యి మారింది గానీ రాత మారలేదు" అన్నాడు పక్కబల్లాయన. బీరువా నిండింది. అందులో వదిన ఫైలు ఒకటి. పైగా అది సొంత వదిన పనాయె. గట్టిగా పట్టించుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని పెద్ద గుమాస్తాకి మొహమాటం.

ఇలా ఉండగా ఒక సెలవురోజు పొద్దున్న వదిన వాగు దాటి వచ్చింది. చెప్పులు విడుస్తూనే, "మరిదీ, నా టార్చి తీసుకెళ్దామని వచ్చాను" అంది.

పెద్ద గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. "లైను రాలేదుగా వదినా."

"రాదని తేలింది కాబట్టే వచ్చాను. కరెంటు లేని ఆసుపత్రులన్నీ సంవత్సరాఖరుకి మూసేసి పెద్దాసుపత్రిలో కలిపేయమని ఉత్తర్వొచ్చింది. మా నాలుగు మంచాలూ లెక్కేసుకుని పోయారు కూడా. ఇంకేముంది, నీ అప్పు మాఫీ. మనసులో పెట్టుకోకు."

"మరి ఆ నొప్పులు పడే ఆడవాళ్ళు?" అంది భార్య.

"వాగు దాటి, బస్సెక్కి, పెద్దాసుపత్రికి రావాలమ్మా. బస్సులో కనేవాళ్ళు బస్సులో కంటారు." మాట నవ్వుతూనే అంది గానీ, చెంగుతో మొహం తుడుచుకోవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

పెద్ద గుమాస్తా మేకు దగ్గరకి వెళ్ళి, టార్చికి అడ్డంగా నిలబడ్డాడు. "మాఫీ వద్దు వదినా. ఇవ్వను."

"ఇదేం పెంకితనమయ్యా, నా టార్చి నాకివ్వడానికి? సరే, అసలు ఆ ఫైలు మీద పైవాళ్ళు ఏం రాశారో ఇప్పటికైనా చెప్పు."

చెప్పక తప్పలేదు. "'మాట్లాడండి' అని రాశారు."

"మాట్లాడావా?"

"అదికాదు వదినా. మా ఆఫీసులో ఆ మాటకి అర్థం అది కాదు."

వదిన ఆయన వంక ఒక్క క్షణం చూసి, నవ్వడం మొదలెట్టింది. ఆపుకోలేక గోడకి ఆనుకుంది. "నేను పురుటి మంచం మీదున్న పిల్లని 'ఊపిరి పీల్చవే' అంటాననుకో. అది 'మా ఇంట్లో ఆ మాటకి అర్థం అది కాదు' అంటే నేనేం చెయ్యాలయ్యా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మే 'అడగరా నాయనా' అని కాగితం మీద రాసి పంపిస్తే, నువ్వు దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పెట్టావా!"

"మీకు తెలీదు వదినా, పాత అధికారి..."

"పాతాయన రిటైరయ్యాడు కదా? ఆయనతోపాటు ఆయన అర్థాన్ని కూడా పంపించెయ్యాల్సింది."

టార్చి తీసుకోకుండానే వెళ్ళిపోయింది. గుమ్మం దాకా వెళ్ళిన భార్య తిరిగొచ్చి, "అక్క కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు కావవి" అంది.

మర్నాడు పొద్దున్న అలమర ముందు నిలబడితే ప్రార్థన సాగలేదు. 'ఇన్నాళ్ళూ నా అర్జీలు నీ దగ్గర ఆగిపోయాయనుకున్నాను స్వామీ. ఒకవేళ వాటి మీద నువ్వు కూడా ఎప్పుడో మాట్లాడమని రాసి పంపావేమో. నేనే అవి తెచ్చుకుని ఎక్కడ పెట్టుకున్నానో!' అనుకున్నాడు. అన్నం గిన్నె కూడా మర్చిపోయి ఆఫీసుకి నడిచాడు.

బీరువా తలుపు కిర్రుమంటే హాలంతా తలెత్తి చూసింది. ఫైలు దుమ్ము దులిపి చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి గురువుగారూ?" అన్నాడు పక్కబల్లాయన.

"మాట్లాడటానికి."

"అయ్యో, ఇంట్లో చెప్పొచ్చారా?"

హాలంతా ఘొల్లుమంది. నవ్వుల మధ్యలోంచే నడుచుకుంటూ బెంచీ దాకా వెళ్ళాడు. తలుపు పక్కన స్టూలు మీద అటెండరు ఉన్నాడు. పాత అధికారి కాలం నుంచీ అక్కడే ఉన్నాడు కాబట్టి అందరూ అతన్ని ద్వారపాలకుడంటారు.

"కూచోండి. పిలిచినప్పుడు వెళ్దురుగాని" అన్నాడు అలవాటుగా.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"మరి ఎందుకు కూచోవడం?"

అటెండరు ఆలోచనలో పడ్డాడు. ఆ ప్రశ్న అతన్నెవరూ అంతకుముందు అడగలేదు. అతను తేల్చుకునేలోపే పెద్ద గుమాస్తా తలుపు తోశాడు. అసలు ఆ తలుపుకి గడియే వేసి లేదు, ఊరికే చేరవేసి ఉంది.

మేడం ఏదో రాసుకుంటోంది. తలెత్తి, "ఏం జరిగింది?" అంది కంగారుగా. నిప్పంటుకుందని చెప్పడానికి వచ్చాడనుకుందేమో.

పెద్ద గుమాస్తా ఫైలు తెరిచి బల్ల మీద పెట్టి, ఆ మాట మీద వేలు ఆనించి, "మాట్లాడమన్నారు కదమ్మా. వచ్చాను" అన్నాడు.

ఆవిడ ఆ మాట వంక చూసింది, తేదీ వంక చూసింది, ఆయన వంక చూసింది. తర్వాత నెమ్మదిగా కళ్ళజోడు తీసింది.

"ఇన్నేళ్ళ మీద మీరొక్కరే వచ్చారు. మీకు తెలుసా? నేను వచ్చిన మొదటివారం హాల్లోకొచ్చి అందరినీ పలకరించబోయాను. అందరూ దిగ్గున లేచి నిలబడ్డారు, ఒక్కరూ నోరు విప్పలేదు. సరే, పనిమీదయినా వస్తారని ప్రతి ఫైలు మీదా మాట్లాడమని రాశాను. పంపిన ఫైలు మళ్ళీ కనపడితే ఒట్టు. బయటినుంచి వచ్చినావిడ అని నన్ను వెలేశారనుకున్నాను. నాతో అందరూ మూగనోము పట్టారని మా అమ్మతో చెప్పుకుని ఏడ్చాను కూడా."

పెద్ద గుమాస్తా బెంచీ కథ, బీరువా కథ, 'ఫైలు మాట్లాడింది' అంటే ఏమిటన్న కథ, దాచకుండా అన్నీ చెప్పాడు. వింటున్నంతసేపూ ఆవిడ మొహంలో కోపమూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి నవ్వే గెలిచింది.

"సరే, ముందు దీని సంగతి చూద్దాం. నా సందేహం చిన్నది. ఈ పటం చూడండి. రెండో స్తంభాన్ని తీసుకెళ్ళి వాగు మధ్యలో పాతారు. అక్కడ దీపం ఎవరికండీ, చేపలకా?"

పెద్ద గుమాస్తా పటం వంక వంగి చూసి, నుదురు కొట్టుకున్నాడు. "అది వాగు కాదమ్మా, రోడ్డు! ఆ రోజు పటం గీసేటాయనకి నల్ల పెన్సిలు అరిగిపోయింది. రోడ్డుకి నీలం వాడేశాడు. మిగిలిన నల్ల ముక్కతో వాగు గీశాడు. ఇదిగో, ఈ సన్నగీత. చుక్క గీత మీద పడింది గానీ, స్తంభం పాతేది రోడ్డు పక్కన గట్టి నేల మీదే."

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఆవిడ నీలం గీత పక్కన 'రోడ్డు' అని, నల్ల గీత పక్కన 'వాగు' అని రాసి, కింద సంతకం పెట్టింది. పెద్ద గుమాస్తా బిగపట్టిన ఊపిరి ఇంకా విడవనే లేదు, పని అయిపోయింది. మూడేళ్ళ పని!

"అమ్మా, సంవత్సరాఖరు లోపల లైను పడకపోతే ఆసుపత్రి మూసేస్తారు. డబ్బు మంజూరుకి లెక్కల సెక్షనుకి ఇది అటెండరు చేతికిచ్చి పంపితే..."

"మీరే పట్టుకెళ్ళండి. ఫైలుకి కాళ్ళు లేవు, మనకున్నాయిగా."

లెక్కల సెక్షను మేడమీద ఉంటుంది. దాని పెద్దని ఆఫీసంతా బావగారంటుంది. ఎవరికి బావో ఎవరికీ తెలియదు. పెద్ద గుమాస్తా ఫైలు అందించగానే బావగారు దాన్ని తీసి, ఎడమచేతి వైపున్న గుట్టలో అట్టడుగున దూర్చబోయాడు.

"బావగారూ, అర్జెంటు."

"అన్నీ అర్జెంటే బావా. వరసలో రానీ."

పెద్ద గుమాస్తా ఇదివరకైతే "సరే" అని దిగొచ్చేవాడు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూచున్నాడు. "వరస ఎందుకింత పొడుగైంది?"

"ఎందుకా? పైకి చూడు."

చూశాడు. కప్పు మీద తడి మరకలు. గదిలో సగం ఖాళీ, సగంలో మనుషులూ బల్లలూ ఫైళ్ళూ గొర్రెల మందలా దగ్గరకి చేరి ఉన్నాయి. వాన పడితే బకెట్లు పెట్టుకోవడానికి ఆ సగం వదిలేశారట. "కప్పు బాగుచేయించమని మీ సెక్షనుకే రాశాను. మాట్లాడిందట. సగం గదిలో సగం పనే అవుతుంది మరి. నా ఫైలుకి లేని పరుగు నీ ఫైలుకెందుకు?"

పెద్ద గుమాస్తా లేచి మెట్లు దిగాడు. బీరువాలో వెతికి కప్పు ఫైలు పట్టుకుని తిన్నగా మేడం గదిలోకి వెళ్ళాడు. ఈసారి ద్వారపాలకుడు తనే తలుపు తీశాడు. మేడం అడిగింది ఒకటే ప్రశ్న: "పెంకుటి కప్పా, డాబానా? అర్జీలో లేదు." డాబా అని చెప్పాడు. సంతకమైంది. ఆ ఫైలు బావగారి ఒళ్ళో పడేసరికి ఆయన టీ ఇంకా వేడిగానే ఉంది.

బావగారు ఆ సంతకాన్ని వేలితో ఒకసారి తడిమి చూశాడు. "నిజంగా మాట్లాడావా?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది బావగారూ."

"ఓరి నీ నోరు బంగారంగానూ" అంటూ గుట్ట అడుగునుంచి లైను ఫైలు బయటికి లాగి, ముద్ర మీద ఊది మరీ కొట్టాడు.

అప్పటికి కింద హాల్లో నవ్వు ఆగిపోయింది. పెద్ద గుమాస్తా దిగొచ్చేసరికి పక్కబల్లాయన బీరువా ముందు నిలబడి చెవి గోక్కుంటున్నాడు. "గురువుగారూ, నావి కూడా ఓ పది ఉన్నాయిందులో. వెళ్తే అరవదుగా?"

"అరిస్తే నా పేరు చెప్పు."

వెళ్ళాడు. ఆయన వెనక టైపిస్టమ్మ, ఆవిడ వెనక రోడ్ల గుమాస్తా. కాసేపటికి మేడమే బయటికొచ్చింది. అందరూ దిగ్గున లేచారు. "ముందు కూచోండి. మీరు నిలబడితే నాకు మాట రాదు" అంది. గది ముందున్న బెంచీని ద్వారపాలకుడి చేత బీరువా దగ్గరకి వేయించుకుని దాని మీదే కూచుంది. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ ఆపలేదు. ఒక వీధిలో దీపానికి ఇంటి నంబరు కావలసివచ్చింది. ఒక కల్వర్టుకి 'వెడల్పు' అనాల్సిన చోట 'పొడుగు' అని పడింది. ఒక బడి గోడకైతే సందేహమే లేదు, బాగుందని మెచ్చుకుందామని పిలిచిందట! అది విని రోడ్ల గుమాస్తా తల పట్టుకున్నాడు. కొండంత భయాన్ని తవ్వితే ఎలకపిల్ల కూడా దొరకలేదు.

వారం తిరిగేసరికి బీరువా అరలు ఖాళీ అయ్యాయి.

"ఇకమీదట 'మాట్లాడండి' అని రాయను. 'రండి' అని రాస్తాను" అంది మేడం.

"వద్దమ్మా" అన్నాడు పెద్ద గుమాస్తా. "'రండి' అని రాస్తే ఇంకో బీరువా కొనాల్సొస్తుంది. ఆ మాటే ఉంచండి. దాని అర్థం దానికి తిరిగొచ్చింది."

ఆ హాలు అంత గట్టిగా నవ్వడం ద్వారపాలకుడు తన సర్వీసులో చూడలేదు. బీరువాలో ఇప్పుడు గొడుగులూ అన్నం గిన్నెలూ పెట్టుకుంటున్నారు.

స్తంభాలు పాతిన రోజుల్లో పెద్ద గుమాస్తా రోజూ సాయంత్రం వాగు దాకా నడిచివెళ్ళి చూసొచ్చేవాడు. రెండో స్తంభం గట్టి నేల మీదే ఉందని తన్ని మరీ నిర్ధారించుకున్నాడు. సంవత్సరాఖరుకి ఇంకా వారం ఉందనగా లైను పడింది. సంవత్సరాఖరుకి ఇంకా వారం ఉందనగా లైను పడింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ వెళ్ళారు. వదిన చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్విచ్చి మీద వేలు పెట్టి ఆగింది. మంచం మీద రేపోమాపో కనబోయే పిల్ల ఒకతి మోచేతి మీద లేచి చూస్తోంది.

"నొక్కండి వదినా."

"ఉండవయ్యా. ఇన్నాళ్ళు ఆగినదాన్ని, ఒక్క నిమిషం నా చేతిలో ఉండనీ."

నొక్కింది. గదిలో ఇన్నాళ్ళూ ఎవరూ సరిగ్గా చూడని గోడల రంగు బయటపడింది. మంచం మీది పిల్ల కెవ్వున కేకేసి చప్పట్లు కొట్టింది. "ఒసేయ్, కేకలు ఇప్పుడే వాడెయ్యకు, ముందుంది నీకు" అంది వదిన. ఆవిడ కళ్ళల్లో రెండు బల్బులు మెరుస్తున్నాయి. బయట వాగు దాకా జనం ఈలలు వేశారు. లాంతరు మూలకి చేరింది.

పెద్ద గుమాస్తా పైకి చూసి, లోలోపలే ఒక దణ్ణం పెట్టాడు. మొరలు బల్ల బల్లకీ తిరుగుతాయో లేదో ఆయనకి ఇప్పటికీ తెలియదు. తిరిగినా, వెంట నడిచేవాడు ఒకడుండాలేమో అనుకున్నాడు.

తర్వాత సంచిలోంచి టార్చి తీసి, రెండు చేతులా వదినకి అందించాడు.

"వెలుగుతోందా అసలు?"

"బాటరీలు కొత్తవే."

వదిన నొక్కి చూసింది. ఆ గది వెలుగులో ఏమీ తెలియలేదు. అరచెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కనిపించింది. ఆర్పి, సొరుగులో పెట్టి, సొరుగు మూసి, "చెల్లు" అంది.